అయిదు ఇళ్లలో పొంగిన పాలు

నేను ఒక ఇత్తడి గిన్నెను. అజ్జరంలో సుత్తి దెబ్బలు తిని పుట్టాను, కాకినాడలో కళాయి పూయించుకున్నాను, హిమబిందు సూట్‌కేసులో చీరల మధ్య పడుకుని చైనా చేరాను. ఆ నగరం పేరుకు నాకు నోరు తిరగదు. అక్కడ నాకున్న పని ఒకటే, ఇల్లు మారినప్పుడల్లా పాలు పొంగించడం. మూడేళ్లలో అయిదు ఇళ్లండీ! కాకినాడలో మా వీధి వీధంతా కలిసినా అన్ని ఇళ్లు మారి ఉండరు.

తప్పు వీళ్లది కాదు. ఒకావిడ కొడుక్కి పెళ్లి కుదిరిందని ఖాళీ చేయమంది. ఒకాయన, విదేశీయుల పేర్లు పోలీస్ స్టేషన్‌లో రాయించే తిప్పలు తనకెందుకన్నాడు. అద్దెకిచ్చిన రోజున ఆ తిప్పలు గుర్తు రాలేదు కాబోలు. మారిన ప్రతిసారీ దొరికే ఇల్లు ఇంకాస్త దూరం. మొదట్లో హిమబిందు భర్త భార్గవ్ ఆఫీసుకు నడిచే వెళ్లేవాడు. నాలుగో ఇంటికొచ్చేసరికి మెట్రోలో రెండుసార్లు మారి, ఆపైన బస్సెక్కి, పోనూ రానూ మూడు గంటలు. కూతురు సిరిచందన లేవకముందే వెళ్లి, పడుకున్నాక వచ్చేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ అయిదేళ్ల పిల్ల తండ్రిని ఫోన్లో చూసుకునేది. నాకు ఒళ్లు మండిపోయేది.

అయిదో ఇల్లు ఆఫీసుకు నలభై నిమిషాలే. రెండేళ్లకు కాగితం రాసుకున్నారు.

"ఇదీ నిలవకపోతే నేనూ పిల్లా కాకినాడ వెళ్లిపోతామండి. మీరొక్కరే ఉందురుగాని," అని హిమబిందు తేల్చి చెప్పేసింది.

ఆ ఇంటి చుట్టుపక్కల ఇంకా దుకాణాలు రాలేదు. అందుకని ముహూర్తం నాటి పొద్దున్న పాలు సీసాలో పోసి, నన్ను సంచిలో పెట్టి మెట్రోకు బయల్దేరారు. అక్కడ లోపలికి వెళ్లే ముందు సామాను తనిఖీ చేస్తారు. సీసాలో ఏమున్నా ఒక గుక్క తాగి చూపించమంటారు, అది ప్రమాదకరమైనది కాదని తేలాలట. కాపలా అమ్మాయి పాల సీసా తీసి తాగమంది.

హిమబిందు తల అడ్డంగా ఊపింది. దేవుడి పేరు చెప్పి పొంగించే పాలను ఎవరైనా ఎంగిలి చేస్తారా?

"ఒక్క గుక్కే కదా, కానివ్వు. వెనక జనాన్ని చూడు," అన్నాడు భార్గవ్.

"మీరు ఊరుకోండి. ఎంగిలయ్యాక ఇంక పొంగించడం దేనికి?"

భార్గవ్ వచ్చీరాని చైనీసులో దేవుడి గురించి చెప్పాడు. ఆ అమ్మాయి ఓపిగ్గా విని, మళ్లీ తాగమంది. ముహూర్తం దగ్గర పడుతోంది. అంతలో సిరిచందన సీసా అందుకుని గడగడా రెండు గుక్కలు తాగేసింది.

"నేను తాగాను కదా. పద నాన్నా," అంది.

కాపలా అమ్మాయి నవ్వి వదిలేసింది. హిమబిందు రెండు స్టేషన్ల దాకా సీసా మూతి తుడుస్తూనే ఉంది. తర్వాత పిల్లను దగ్గరికి లాక్కుని, "పసిదాని ఎంగిలికి దోషం లేదులే," అంది. ఆ పాలు నాలో నిండుగా పొంగాయి, తూర్పుకే పొంగాయి.

ఏడు నెలలు తండ్రీ కూతుళ్లు కలిసి అన్నం తిన్నారు. ఎనిమిదో నెలలో ఇంటాయన ఇల్లు అమ్మేశానన్నాడు. రెండేళ్ల కాగితం చూపిస్తే, "మీరెలాగూ వెళ్లిపోయేవాళ్లే కదా," అన్నాడట. అతని మీద నాకు కోపం రాలేదని కాదు. అంతకు రెట్టింపు కోపం కాకినాడ నుంచి వచ్చిన ఫోను మీద వచ్చింది.

"ఎంగిలి పాలు పొంగిస్తే ఇల్లు ఎలా నిలబడుద్దమ్మా? పిల్లదాన్ని పట్టుకోవద్దూ?" అంది భార్గవ్ వాళ్లమ్మ.

సిరిచందన పక్కనే ఉంది. "నా వల్లేనా అమ్మా?" అని అడిగింది. కాదని ఎంత చెప్పినా ఆ పిల్ల ఆ రోజు నుంచి పాలు ముట్టలేదు.

ఇల్లు అమ్ముకున్నవాడిది తప్పు కాకుండా పోయి, గుక్కెడు పాలు తాగిన పసిదానిది తప్పయిందా? మరి ముందు నాలుగిళ్లలో పాలు ఎవరు ఎంగిలి చేశారు? ఇత్తడి బుర్రకు తోచిన ఈ ప్రశ్న ఆ ఇంట్లో ఒక్కరికీ తోచలేదు.

హిమబిందు అన్నమాట ప్రకారం పిల్లతో విమానమెక్కింది. ఎక్కడికి మారితే అక్కడ పొంగించుకోమని నన్ను భార్గవ్‌కు వదిలేసింది. అతను పొంగించలేదు. నాలో నూడుల్స్ ఉడకబెట్టుకుంటున్నాడు. ఒక్కడికి సరిపడే గది కనుక ఆఫీసు పక్కనే దొరికింది, అయిదు నిమిషాల నడక. రోజూ ఆరింటికల్లా ఇంటికొచ్చేస్తాడు. ఇప్పుడెందుకయ్యా రావడం, అని అరవాలనిపిస్తుంది నాకు.