రాళ్ల సదువు

తాళం అన్నాక వేయడం ఉంటుంది, తీయడం ఉంటుంది, ఈ కంప్యూటర్లో తాళానికి మాత్రం వేయడమే ఉందంట, ఒకసారి వేశాక ఆ బ్రహ్మదేవుడు దిగొచ్చినా తీయలేడంట, నెట్ సెంటర్ ఉమాదేవి చెబుతోంది, గంజాం బజారులో ఈ అగ్గిపెట్టంత కొట్టు ఆమెది, తెలుగు పిల్లే, పిన్నీ అనడం మాత్రం ఒడియాలో, ముక్కు మీదకి జారే కళ్లద్దాల్ని వేలితో పైకి తోసుకుంటూ, మావుసీ, అయిదింటికి కాలేజీ సీట్ల సైటు మూసెస్తారు, నీ కూతురు ఏటి సదవాలో అంతలో తేల్సుకోండి, ఎనక లైనుంది సూడు అంది, లైనులో ఎవరో పెద్దాయన నా ఎండుచేపల బుట్ట వైపు చూసి ముక్కు మీద తుండు పెట్టుకున్నాడు, పెట్టుకోనీ, ఆ చేపల మీదే ఈ పిల్ల ప్లస్ టూ దాకా వచ్చింది, స్టూలు మీద కూర్చున్న రింకి తెర వైపు చూడటం లేదు, నా వైపు చూస్తోంది, కన్న కూతురి చూపు ఎండలా చురుక్కుమంటుందని నాకిన్నాళ్లూ తెలీదు.

తెర మీద మూడు గళ్లున్నాయి, పై గడిలో ఉన్న చదువే ముందు ఇస్తారంట, ఆ గడిలో ఒడియా ఆనర్స్, అది మా బావ కాశయ్య రాయించింది, నా మొగుడికి అన్న, ఇంటికి పెద్ద, బోటు ఆయనది, సోమవారం తనే రింకిని ఈ కొట్టుకి తీసుకొచ్చి దగ్గరుండి రాయించాడు, ఒడియా సదివి బీయెడ్ సేస్తే మన కాలనీ బడిలోనే టీచరైపోద్ది, పొద్దున్న ఎల్లి సాయంత్రానికి ఇంటికొచ్చెత్తాది, ఆడపిల్లకి అంతకన్నా ఏటి కావాల అన్నాడు, తప్పేం కాదు ఆ మాట, బడిపంతులమ్మ అంటే నాకూ గౌరవమే, కానీ రింకి అడిగింది అడుగు గడిలో ఉంది, జియాలజీ, బరంపురంలో కాలేజీ, అక్కడే హాస్టలు, ఆ తర్వాత ఏ ఊరో దానికే తెలీదు, రాళ్ల సదువా అని బావ పకపకా నవ్వాడు, మనకాడ రాయెక్కడుందే పిచ్చిమొకమా, ఉన్నదంతా ఇసకే గదా, ఇసక గురించే పెద్దయ్యా అంది ఇది, అది పోతంది గదా, ఏ దిక్కుకి పోతందో ఎవులైనా సూసేరా, అప్పుడు బావ నవ్వు ఆగింది.

ఇసక అనగానే నాకు నుయ్యి గుర్తొస్తుంది, సర్కారు కట్టిచ్చిన కాలనీకి మారకముందు, పొడంపేటలో మా పాత ఇంటి ముందు నుయ్యి, నేను మా పుట్టినూరు హుమ్మ నుంచి కాపురానికి వచ్చిన కొత్తలో సముద్రం ఎంత దూరంలో ఉండేదంటే, తడిసిన వల మోసుకొచ్చే మగాళ్లు దారిలో ఒకసారి దించుకుని ఊపిరి తీసుకునేవారు, తర్వాత ముందు వరస ఇళ్లు పోయాయి, రెండో వరస, మూడో వరస, మాది నాలుగోది, తుపాను వెలిసాక వెళ్లి చూస్తే గోడ లేదు, గడప లేదు, నుయ్యి మాత్రం ఒడ్డు మీద మనిషి కంటే ఎత్తుగా నిలబడి ఉంది, ఒకదాని మీద ఒకటి సిమెంటు ఒరలు, బట్టలూడదీసినట్టు, నుయ్యి భూమిలోంచి లేచిందని ఊరంతా వచ్చారు, గంగమ్మ మహిమ అన్నారు, నేనూ పసుపు రాసి బొట్టు పెట్టి దణ్ణం పెట్టాను, ఎనిమిదేళ్ల రింకి నా కొంగు లాగి, నుయ్యి లెగనేదే అమ్మా, అది ఉన్నకాడే ఉంది, సుట్టూరా ఇసక పోనాది అంది, అందరూ వింటారని నెత్తి మీద ఒక్కటిచ్చాను, కానీ ఆ మాట ముల్లులా లోపలే ఉండిపోయింది, మహిమ లేదని కాదు, తల్లీ, నూతిని నిలబెట్టావు సరే, ఇళ్లనెందుకు నిలబెట్టలేదు అని అడగాలనిపించేది, దీపం పెట్టేటప్పుడు సగం అడిగి సగం మింగేసేదాన్ని, రింకి మింగలేదు, వెదురు కర్రలు పాతి ప్రతి పున్నమికీ నీళ్ల దాకా అడుగులు కొలిచేది, నోటుబుక్కులో రాసుకునేది, కర్రలు కూడా కొట్టుకుపోయేవి, ఇంకొంచెం వెనక్కి జరిగి మళ్లీ పాతేది.

నిన్న పువ్వులు పెట్టారు. వేట మొదలెట్టే ముందు మా వాళ్లు అమ్మోరిని అడగందే బోటు తోయరు, బోటు పెద్ద తలంటుకుని, తడిపిన పువ్వులు రెండు గంగమ్మ కుడి భుజాన ఒకటి, ఎడమ భుజాన ఒకటి అంటించి, తల్లీ ఎల్తన్నాం, తిరిగొస్తామా అంటాడు, కుడి పువ్వు ముందు రాలితే వస్తారని, ఎడమది రాలితే రారని, ఆ రోజుకి బోటు ఒడ్డునే, మా మామగారూ అదే మాట అడిగేవారు, వాళ్ల నాన్నా అదే మాట, ఇంకో రకంగా అడగడం ఆ ఇంట్లో ఎవరికీ రాదు, నిన్న బావ రింకి కోసం కూడా అలాగే చేతులు జోడించి, తల్లీ, ఈ పిల్ల రాళ్ల సదువుకి ఎల్తానంటంది, తిరిగొస్తాదా అన్నాడు, ఎడమ పువ్వు రాలింది, అమ్మోరే వొద్దంది, ఇంక నానేటి సెప్పాల అని బావ కండువా దులుపుకున్నాడు, మంగుళూరు బోటు మీదున్న నా మొగుడు, పేరు దేముడు, ఫోనులో, అన్న ఎలగంటే అలగేనే, అమ్మోరికి ఎదురెల్లకు అన్నాడు, సరే అన్నాను, పొద్దున్నే చేపలమ్మడానికని బుట్టెత్తుకుని, తోడు రమ్మని రింకిని పిలిచి, ఇదిగో ఇక్కడ తేలాను, ఎందుకొచ్చానో నాకే తెలీకుండా.

పువ్వు గాలికి రాలిందని అనలేను, అలా అంటే మొగుడు నీళ్ల మీదున్నప్పుడు ఆ తల్లిని నమ్ముకుని ఒడ్డున కూర్చున్న నా రోజులన్నీ ఏమైపోతాయి, పువ్వు నిజమే, నిజమే, అయినా పై గడి మార్చడం ఎలాగని అడిగేశాను, ఫోను టింగుమంది, ఓటీపీ వొచ్చింది సూడు మావుసీ, ఆ ఆరంకెలూ సెప్తేనే పై గడి మారతాది అంటోంది ఉమాదేవి, అంకెలు చూస్తుండగానే ఫోను మోగింది, బావ, ఎవరు చెప్పారో ఏమో, రింకి ఆ పేరు చూసింది, పోనీలే అమ్మా, ఒడియాయే ఉంచీ అంది, గొంతులో కోపం లేదు, అడగడం లేదు, నేను దీపం ముందు మింగేసిన గొంతే అది, పద్దెనిమిదేళ్లకే, నా ఒళ్లు మండిపోయింది, ఎవరి మీదో తెలీదు, బావ మీద కాదు, ఫోను మోగనిచ్చాను.

అడిగిందేమిటి అసలు, తిరిగొస్తాదా అని, రాదు అంది గంగమ్మ, అంతే అంది, అడిగినదానికే చెప్పింది, వద్దని ఎక్కడంది, బోటు తిరిగి రాకపోతే నీళ్లలో పోయినట్టు, పిల్ల తిరిగి రాకపోతే పోయినట్టా, నన్ను హుమ్మ నుంచి పంపినప్పుడు మా అయ్య ఏ పువ్వూ పెట్టలేదే, తిరిగి రాకూడదనే డప్పులు కొట్టించి మరీ పంపాడే, మొగుడింటికెళ్లి రాకపోతే మంచిది, చదువుకెళ్లి రాకపోతే అపశకునమా, ఇంకో నిజం కూడా ఉంది, దాన్నీ ఒప్పుకోవాలి, ఎడమ పువ్వు రాలినప్పుడు నా లోపల ఒక మూల హమ్మయ్య అనుకుంది, పిల్ల నా దగ్గరే ఉంటుందని, నా భయాన్ని ఆ తల్లి భుజాన పువ్వులా అంటించి, ఆమే వద్దందని నేనూ తలాడించాను, అమ్మోరు నాకు అబద్ధం చెప్పలేదు, నేనే ఆమె మీద అబద్ధం చెప్పాను, రాదు, ఈ పిల్ల రాదు, వచ్చినా పండక్కి రెండు రోజులుంటుంది, నా చేపల వాసన దానికి కొత్తగా తోస్తుంది, తోయనీ, రింకీ, అంకెలు రాసుకో, నాలుగు, తొమ్మిది, సున్నా, నోరు తెరుచుకుని చూస్తోంది, రాసుకోవే, ఏడు, ఏడు, రెండు, పై గడిలో ఒడియా పోయింది, జియాలజీ వచ్చింది, లాక్ సేసెయ్యనా మావుసీ, మళ్లీ తియ్యడం కుదరదు, సెయ్యమ్మా, ఫోను మళ్లీ మోగుతోంది, ఈసారి ఎత్తాను, ఇరవై ఏళ్లలో బావ మాట్లాడకముందు నేను మాట్లాడటం ఇదే మొదలు, బావా, అమ్మోరు సెప్పింది నిజిమే, పిల్ల తిరిగి రాదు, రాదని తెలిసే పంపుతన్నాను.