గేటు అవతల కోడిపుంజు

మా ఆయన ఎవాసియో అర్థశాస్త్రవేత్త. సరుకు స్వేచ్ఛగా తిరగాలి, సర్కారు అడ్డు రాకూడదు అని ఆయన వాదన. మా టొరీనో నగరంలోకి తెచ్చే తిండి మీద ఊరి గేటు దగ్గర వసూలు చేసే సుంకమంటే మరీ మంట. అది కట్టరు. పోనీ అందరిలాగా దాచి తెస్తారా అంటే, రద్దయ్యేదాకా చట్టం చట్టమేనట. అందుకని పెళ్ళయిన దగ్గర్నుంచి పల్లెలోని మా పుట్టింటి సాసేజీ ఒక్క ముక్క మా గడప తొక్కలేదు.

ఆ చలికాలం విశ్వవిద్యాలయంలో ఆచార్య పదవి ఖాళీ అయింది. ఇప్పించాల్సింది పెద్దాచార్యులు గొనెల్లాగారు. గేటు సుంకాన్ని వెనకేసుకొస్తూ లావుపాటి పుస్తకాలు రాసిన మనిషి, పైగా తిండిపోతు. ఆయన్ని ఆదివారం భోజనానికి పిలిచి, మా అమ్మ దగ్గర్నుంచి బలిసిన కోడిపుంజు తెమ్మని మా ఆయన్ని పంపాను. ఈ ఒక్కసారికీ సుంకం కట్టండని బతిమాలాను. ఇంటి అద్దెకే కటకటలాడుతున్నాం. ఆ పదవి రాకపోతే మళ్ళీ మా అన్నయ్య పంచన చేరాలి.

మధ్యాహ్నమైనా మనిషి జాడ లేదు. వెళ్ళి చూద్దును కదా, గేటు అవతల పుంజును చంకలో పెట్టుకుని కాపలావాడికి ఉపన్యాసమిస్తున్నారు. సుంకరి ముందు సుఖదుఃఖాలు చెప్పుకున్నట్టే ఉంది. నాకు ఒళ్ళు మండింది. ఇక చేసేదేముంది, గేటు అవతలే ఉన్న పూటకూళ్ళింట్లో పుంజును వండించి, గొనెల్లాగారికి అక్కడికే రమ్మని కబురు పెట్టాను.

ఆయన నవ్వుకుంటూ వచ్చి, రెండు కాళ్ళూ లాగించి, మూడో గ్లాసు బార్బెరా ద్రాక్షసారా అయ్యాక మా ఆయన భుజం తట్టారు.

“పదవి నీదేలేవోయ్, మొండిఘటమా.”

నేను లోలోపలే మరియ తల్లికి దణ్ణం పెట్టుకున్నాను. లేచేటప్పుడు గొనెల్లాగారు, “మా ఆవిడకి” అంటూ, మిగిలిన పుంజును గుడ్డలో చుట్టి కోటు కిందికి తోసేశారు.

గేటు దగ్గర కాపలావాడు ఏమైనా ఉందా అని అడిగాడు. ఏమీ లేదన్నారు గొనెల్లాగారు. మా ఆయన గొంతు సవరించుకున్నారు. నేను కాలు తొక్కాను. లాభం లేకపోయింది.

“అయ్యగారి కోటు కింద సగం పుంజు ఉంది బాబూ.”

గొనెల్లాగారు మొహం కందగడ్డ చేసుకుని సుంకం కట్టి, మాతో మాట్లాడకుండా బండెక్కి వెళ్ళిపోయారు.

నాకు కోపమూ ఏడుపూ కలిసొచ్చాయి. “పదవి పోయింది, తెలుస్తోందా మీకు?”

“తెలుసు ఎర్సీలియా. ఇరవై ఏళ్ళుగా ఆ సుంకం న్యాయమని రాస్తున్నాడు. కట్టి చూసింది మాత్రం ఇవాళే.”

నవ్వాపుకోవడం నా వల్ల కాలేదు. ఇంటికెళ్ళి, నవ్వుతూనే, గది ఖాళీ చేయించమని మా అన్నయ్యకి కబురు పంపాను.