మోకాలి ఊత

వ్యాను కుడి తలుపు కుంటి ఎద్దులా ఒకపక్కకి ఒరిగిపోయింది. మూయాలంటే రెండు చేతులా పైకెత్తి ఒక్క గుద్దు గుద్దాలి. రేపు పొద్దున తనిఖీ. తలుపు ఇలాగే ఉంటే బండి ఆపేస్తారు. బండి ఆగితే మిల్లుకి తీసుకెళ్ళే పదిమంది ఆడవాళ్ళ ట్రిప్పూ పోతుంది, డ్రైవరు నోటికాడి కూడూ పోతుంది.

నిజానికి అరిగింది తలుపు కాదు. కీళ్ళలో ఉండే పిన్నులు, వాటి చుట్టూ తొడిగే ఇత్తడి బుష్షులు. కొత్తవి చేతిలో పెడుతూ కొట్టువాడు చెప్పనే చెప్పాడు.

"కింద జాకీ పెట్టి ఒక్కో పిన్నే తియ్యి పెద్దాయనా."

"నాకు చెప్తావుట్రా? ఇది మూడోసారి మార్చడం!"

మూడోసారే, అబద్ధం కాదు. మొదటి రెండుసార్లూ జాకీ లేదు, భార్య మోకాలుంది. ఆవిడ తలుపు కింద మోకాలానించి నిలబడితే ఈయనగారు తాపీగా సుత్తి వెతుక్కునేవాడు.

ఇంటిముందు బండి పెట్టి పై పిన్ను కొట్టి ఊడదీశాడు. కింది పిన్నూ కొట్టాడు. అది జారుతుండగా, "పట్టుకోవే" అన్నాడు.

ఎవరు పట్టుకుంటారు? ఆవిడ పోయి మూడు నెలలైంది.

ఇనుము మొత్తం మీద పడింది. మోకాలు అడ్డుపెట్టి ఆపాడు. దించుదామంటే నడుం వంగదు, వదిలేద్దామంటే అద్దం పగులుతుంది. పిన్ను దూర్చడానికి మూడో చెయ్యి లేదు. కరవమంటే కప్పకి కోపం, విడవమంటే పాముకి కోపం.

కాలు లాగడం మొదలైంది. "తొందరగా కానివ్వు, కాలు లాగేస్తోంది" అనేది ఆవిడ. "ఉండవే, పిన్ను జారుతుంది" అనేవాడు ఈయన. మిల్లులో ఉన్నన్నాళ్ళూ గేటు దగ్గర నిలబడి కూలివాడి చెమట గురించి గొంతు చించుకున్న మొనగాడికి, సొంత గుమ్మం ముందు ఆ మోకాలు పడేది కూడా కష్టమేనని తోచలేదు. ఇప్పుడు తోచింది, తన మోకాలికి వచ్చాక.

"ఎవరైనా ఉన్నారా?" అని కేకేశాడు. అంతా పనుల్లోకి పోయిన వేళ. వీధి పలకలేదు. పక్కింట్లో మాత్రం రేడియో మోగుతోంది.

అది మగ్గాల మేస్త్రీ ఇల్లు, వరసకి ఆవిడ తమ్ముడు. ఎనిమిదేళ్ళ కిందట సమ్మెలో, పిల్లకి జబ్బని చెప్పి అందరికంటే ముందు గేటు దాటి పనిలోకి పోయిన మనిషి. ఆ రోజు నుంచి మాటల్లేవు. ఆవిడ పోయినప్పుడు చూడ్డానికొస్తే, "ద్రోహులకి ఇక్కడ పనిలేదు" అని గుమ్మంలోంచే తరిమాడు.

పళ్ళు బిగబట్టాడు. పంతం నిలబడింది గానీ కాలు నిలబడలేదు.

"బావా!"

రేడియో ఆగింది. మేస్త్రీ వచ్చి ఆ అవతారం చూశాడు.

"ఎనిమిదేళ్ళకి 'బావా' అనడానికి నోరు పెగిలిందే! తలుపు మీద పడితేగాని బావ గుర్తురాడన్నమాట."

"ముందు పట్టుకుంటావా, ఉపన్యాసం ఇస్తావా?"

"ఉపన్యాసాలు నీ సొత్తు." మేస్త్రీ మోకాలానించాడు. "జాకీ ఏదీ?"

"లేదు."

"అవునులే, అక్క ఉండేదిగా" అన్నాడు మేస్త్రీ, గొంతు తగ్గించి.

బుష్షులు దిగాయి, పిన్నులు దిగాయి. వేలితో తోస్తే తలుపు టక్కుమని పడింది.

"లోపలికి రా, కూర్చో."

"వద్దులే. కూర్చోవాల్సిన రోజున రానివ్వలేదు." మేస్త్రీ చేతులు దులుపుకుని గేటు దాకా వెళ్ళాడు.

"బావా! ఎడమ తలుపు కూడా వాలింది. రేపు సాయంత్రం ఓసారి..."

మేస్త్రీ వెనక్కొచ్చాడు. ఎడమ తలుపు తీశాడు, వేశాడు. కొత్తదానిలా పడింది. తలుపుకేసి చూశాడు, డ్రైవరు మొహంకేసి చూశాడు.

"జాకీ కొనుక్కో బావా" అని వెళ్ళిపోయాడు.

గోడవతల రేడియో మళ్ళీ మొదలైంది. డ్రైవరు కుడి తలుపు తీసి, అలవాటు కొద్దీ రెండు చేతులా ఎత్తి గుద్దాడు. బండి అద్దాలన్నీ గణగణలాడాయి. "మెల్లగా" అని ఇంట్లోంచి కసిరే ఆవిడ గొంతు కోసం కాసేపు ఆగాడు. తర్వాత వంగి, నేలమీద పడ్డ పాత పిన్నులు ఏరుకున్నాడు.