అట్టలో దాచిన మూడు ఆకులు

మా పెద్దమ్మాయి కథల పుస్తకం నాలుగో భాగం చదువుతూ చదువుతూ ఆగిపోయింది.

డయాలసిస్ జరిగినంతసేపూ చిన్నదాని చెయ్యి కదలకూడదు. పదమూడేళ్ల పిల్లను నాలుగు గంటలు అలా పడుకోబెట్టడం మాటలా? అందుకని పెద్దది తన చిన్నప్పటి మంచురాజ్యం కథలు, ఆరు భాగాలూ ఆసుపత్రికి మోసుకొచ్చింది. చిన్నది వింటూ ఊరుకునే రకం కాదు, లాయరులా ప్రశ్నలు వేస్తుంది. మంత్రగత్తెకు అంత శక్తి ఉంటే తన పుచ్చుపళ్లు ఎందుకు బాగుచేసుకోలేదని మొన్న నర్సును కూడా నిలదీసింది.

ఇప్పుడు, పెద్ద రాకుమార్తె తన నీడలో సగం కోసి చెల్లెలికి ఇచ్చి బతికించే చోటికి వచ్చారు.

"నిన్నటిదాకా గుర్రాలశాలలో దాక్కుని వణికింది కదక్కా. తెల్లారేసరికి నవ్వుతూ ఎలా వచ్చింది?" అంది చిన్నది.

పెద్దది పేజీ వెనక్కి తిప్పింది. రెండువందల పన్నెండు. ముందుకు తిప్పింది. రెండువందల పంతొమ్మిది. తలెత్తి నా వైపు చూసింది. నేను మిషను వైపు చూశాను.

మర్నాడు పదిగంటలకు డాక్టరు పెద్దదాన్ని ఒక్కదాన్నే కూర్చోబెట్టి మాట్లాడతారు. చెల్లెలికి తన ఇష్టంతోనే కిడ్నీ ఇస్తున్నానని అది చెప్పాలి. నాకు షుగరు. వాళ్ల నాన్నది సరిపోలేదు. మిగిలింది అదే. ఆ సంగతి తెలిసిన రోజు అన్నాల దగ్గర అందరం దాని మొహం చూశాం. "నేనిస్తాలే" అని కంచం తీసుకుని లేచిపోయింది. ఆ ఒక్క మాటా పట్టుకుని వేలాడుతున్నాం. డాక్టరుకు ఏం చెప్పాలో వాళ్ల నాన్న మూడుసార్లు వల్లె వేయించారు. నేను వద్దనలేదు.

పెద్దది పుస్తకం పట్టుకుని వరండాలోకి వచ్చింది. వెనకాలే వెళ్లాను.

"ఇది కుట్టింది నువ్వే కదమ్మా."

నాది లైబ్రరీలో చిరిగిన పుస్తకాలు కుట్టి అట్టలు వేసే పని. తీసిపారేసిన ఈ ఆరింటినీ ఇంటికి తెచ్చి బాగుచేసింది నేనే. వచ్చేటప్పటికే ఆకులు పోయాయని అనొచ్చు. కానీ నా పని దానికి తెలుసు.

చెప్పేశాను. చిన్నది పుట్టిన నెల అది. పెద్దదానికి తొమ్మిదేళ్లు, ఉయ్యాల వైపు కన్నెత్తి చూసేది కాదు. ఆ మూడు ఆకుల్లో రాకుమార్తె, నా నీడ నాకే కావాలి, ఇవ్వను అని ఏడుస్తుంది. అది చదివితే దీని మనసు ఇంకా విరుగుతుందని తీసేశాను. అక్కంటే ఎలా ఉండాలో నేర్చుకుంటుందనుకున్నాను.

"ఆ పిల్లకు ఇష్టం లేదని వాళ్లమ్మకు, ఆ రాణికి తెలుసా?"

"తెలుసు. తలుపు వెనక నిలబడి వింది."

"విని?"

"పొద్దున్నే జడవేసి పంపింది."

పెద్దది పుస్తకం మూసింది. "ఆ రాకుమార్తెలా ఎందుకు లేనా అని రెండు నెలలుగా నన్ను నేను తిట్టుకుంటున్నానమ్మా" అంది.

పుస్తకాలు కుట్టేవాళ్లం ఆకు పారెయ్యం. రుమాలు తడిపి వెనక అట్ట లోపలివైపు అద్దాను. పిండిజిగురు నానింది. గోటితో అట్టకు అంటించిన కాగితం లేపి, దాని కింద పరిచిన మూడు ఆకులూ తీసి చేతికిచ్చాను. అది కిటికీ దగ్గర నిలబడి చదువుకుంది.

నా నోటినిండా మాటలు ఉన్నాయి. చెల్లెలి మొహం చూడవే, అది బతకొద్దా, నీ కాళ్లు పట్టుకుంటాను. అన్నీ మింగాను.

"నీకిష్టమేనా తల్లీ?"

ఆ మాట అడగడం అదే మొదటిసారి.

"లేదమ్మా. భయంగా ఉంది."

అయితే వద్దులే అనడానికి నోరు రాలేదు. "రేపు డాక్టరుకు ఇదే చెప్పు" అన్నాను. నా చేత్తో నేనే చిన్నదాని చేతిలోంచి గొట్టం లాగేసినట్టయింది.

లోపల్నుంచి చిన్నది కేకేసింది. పెద్దది మొహం తుడుచుకుని, ఆకుల్ని వాటి చోట పెట్టి లోపలికి వెళ్లింది. మధ్యలో కొంత వదిలేశామే, వెనక్కి వెళ్దాం అని చదవడం మొదలుపెట్టింది.

నేను తలుపు వెనకే నిలబడి ఉన్నానని కాసేపటికి గాని తెలియలేదు. తోసుకుని లోపలికి వెళ్లి, ఇద్దరికీ కనబడేలా కూర్చున్నాను. "నా నీడ నాకే కావాలి" అని పెద్దది చదువుతోంది. చిన్నదాని చూపు అక్క మొహం మీదే ఉంది.

చిన్నది ఒక్క ప్రశ్న కూడా వెయ్యలేదు.