వెల్లకిలా పడుకున్న ఎలుకలు

కె.ఆర్.పురం స్టేషను దాటాక ఉన్న మందుల కంపెనీలో వెంకటరాయప్ప పని ఎలుకలను నిద్రపుచ్చడం. రక్తంలో కొవ్వు తగ్గించే కొత్త మందును కొన్నిటికి పోసి, కొన్నిటికి పోయకుండా, అన్నిటికీ నిద్రమందు సూది వేయాలి. వెల్లకిలా పెట్టిన ఎలుక తనంతట తాను బోర్లా తిరిగితే మెలకువ వచ్చినట్టు. నిద్రమందును విరిచేది కాలేయం. కొత్త మందు తాగినవి ఎక్కువసేపు పడుకుంటే, అది కాలేయం పనికి అడ్డుపడుతున్నట్టే. అలాంటిదాన్ని గుండెజబ్బు మనిషి వేరే మాత్రలతో కలిపి మింగితే, ఆ మాత్రలు ఒంట్లో పేరుకుపోయి ప్రాణం మీదికి వస్తుంది.

ఆ రోజు మందు పోయని ఎలుకలు లేచాయి. పోసినవి లేవలేదు. క్యాంటీన్ రేడియోలో క్రికెట్ నడుస్తోంది. "సొన్నమ్మా, కొంచెం చూస్తా ఉండు" అని బోన్లు కడిగే ఆమెకు చెప్పి వెళ్ళాడు. తిరిగి వచ్చేసరికి అన్నీ బోర్లా ఉన్నాయి. మళ్ళీ వెల్లకిలా వేసి సరిచూడాలన్నది నియమం. సరిచూడలేదు. ఇవీ వాటితోపాటే లేచాయని రాసేశాడు.

రిపోర్టు టైపయి వచ్చిన రోజు సొన్నమ్మ బోను తోముతూ అంది.

"నీ ఎలకలు శానా మొండివప్పా. పీనుగుల మాదిరి సూరు చూస్తా పండుకోనుండె. శుక్కురారం పూట అట్ల చూడలేక నేనే బోర్లా తిప్పితి."

"నువ్వా!"

"చూస్తా ఉండమంటివి గదప్పా. చూస్తా ఎట్ల ఊరికుండేది?"

తిట్టబోయి ఆగాడు. తిప్పింది ఆమె. రాసింది తను.

అతను గదిలోకి వెళ్ళేసరికి పైఅధికారి ఆనందరావు రిపోర్టు మీద సంతకానికి పెన్ను తీశాడు. ఆ సంతకం పడితే మందు ఆసుపత్రిలో రోగుల నోటికి వెళుతుంది.

"రావయ్యా, ముళబాగిలు ఊరి మొనగాడా! మన మందు గట్టెక్కింది."

"సార్, ఆ ఎలకలు లేవలేదు."

"మరి బోర్లా ఎలా తిరిగాయి?"

"నేను రూములో లేను సార్. మ్యాచి వినను పోయుంటి. చూడకనే రాస్తి."

ఆనందరావు పెన్నుకు మూత పెట్టాడు. "స్కోరెంతయ్యా?" అని అడిగాడు.



కొత్త ఎలుకలతో పరీక్ష మళ్ళీ మొదలైంది. ఈసారి వెంకటరాయప్ప స్టూలు మీంచి కదల్లేదు. మందు పోయనివి లేచి గింజలు కొరుకుతున్నాయి. పోసినవి పడే ఉన్నాయి. ఫ్యాక్టరీ సైరన్ మోగింది. అయినా లేవలేదు.

సొన్నమ్మ గుమ్మంలో నిలబడి కొంగు నలుపుతోంది. "పాపం, తిప్పేదా అప్పా?"

"వద్దు సొన్నమ్మా. నన్ను చూడనీ."

తెల్లటి పొట్టలు మెల్లగా ఎగసి దిగుతున్నాయి. ఆరోజూ ఇలాగే ఉండి ఉంటాయి.