పక్క మిషన్

ఎనిమిది గంటలే మేడమ్, ఆదివారం సెలవే మేడమ్, మంచినీళ్లకు కొరత లేదు, పొద్దున్నుంచీ నోట్లో ఇదే తిరుగుతోంది, సూపర్‌వైజర్ గిరిప్రసాద్ మూడు రోజులుగా ఒక్కో కుట్టుమిషన్ దగ్గరా ఆగి మాచేత అప్పజెప్పించుకున్నాడు, కంపెనీ నుంచి తనిఖీకి మనిషి వస్తోందట, కంపెనీ అంటే మా నాచారం షెడ్డు కాదు, మేం కుట్టే గౌన్ల మెడ దగ్గర పేరుండే పరదేశపు కంపెనీ, ఎన్నో దేశాల్లో దుకాణాలట, నేను చేరిన కొత్తలో ఒక మోడల్ వస్తే ఎండాకాలమంతా అదే కుట్టేవాళ్లం, ఇప్పుడు వారానికొకటి, నిన్నటి కాలరు చేతికి అలవాటయ్యేలోపే ఇవాళ ఇంకో కాలరు, భుజాలు మొద్దుబారిపోయాయి, ఉప్పల్‌లో వాళ్ల దుకాణం తెరిచినప్పుడు నేనూ ఉమా చూడ్డానికి పోయాం, ఉమ ఒక గౌను తిరగేసి లోపలి కుట్టు తడిమి, అక్కా ఇది నా చెయ్యే, అని చిన్నపిల్లలా నవ్వింది.

ఉమది నా పక్క మిషన్, పోయిన గురువారం షిఫ్టు అయ్యాక ఇంకో నాలుగు గంటలు కూర్చోబెట్టారు, రేకుల కింద ఒకటే ఉడుకు, ఉమ తల ముందుకు వాలింది, కునుకు పట్టిందనుకున్నాను, నా పీసులు ఇంకా మిగిలే ఉన్నాయి, లేపలేదు, ఆమె కాలు పెడల్ మీదే ఉండిపోయింది, సూది రెండు వేళ్లలో దిగింది, వెనక గేటు నుంచి ఆటోలో దవాఖానాకు పంపారు, మర్నాటికి హాజరు పుస్తకంలో పేరే లేదు, గిరిప్రసాద్‌ను అడిగితే, ఏ ఉమ, అన్నాడు.

తనిఖీకి వచ్చినామె పేరు హరిత, మా చిన్నదాని ఈడు, నన్నొక్కదాన్నే గదిలో కూర్చోబెట్టి తలుపు వేసింది, మీరేం చెప్పినా మీ పేరు బయటికి రాదు కల్పనగారూ, అంది, మెత్తటి గొంతు, ఎనిమిది గంటలే అన్నాను, ఆదివారం సెలవే అన్నాను, ఇక లేవొచ్చనుకుంటే, మీ పక్క మిషన్ మీద ఎవరు కూర్చుంటారండీ, అనడిగింది, ఇది నాకెవరూ నేర్పలేదు, తలుపు మూసే ఉంది, చెప్పొచ్చు, ఒక్క పేరే కదా, కానీ తనిఖీలో తేడా వస్తే కంపెనీ ఆర్డర్లన్నీ వేరే ఊరికి పోతాయట, ఎవ్వలు లేరు మేడమ్, అది ఖాళీదే, అన్నాను, ఆమె ఒక్క క్షణం నా ముఖం చూసి రాసుకుంది.

సాయంత్రం కాళ్లు ఇంటివైపు పోలేదు, దమ్మాయిగూడ బస్సెక్కి ఉమ గదికి పోయాను, చేతికి లావుపాటి కట్టు, ఎడమచేత్తోనే చాయ్ పోసింది, మేడమొచ్చిందంట గద అక్కా, నా ముచ్చట అడిగిందా, అంది, లేదనబోయాను, ఇంకో అబద్ధానికి ఓపిక చాలలేదు, అడిగింది, ఎవ్వలు లేరని చెప్పిన, అన్నాను, తిడుతుందనుకున్నాను, కనీసం ఏడుస్తుందనుకున్నాను, ఉమ కట్టున్న చెయ్యి ఒళ్లో సర్దుకుని, నేనైనా గదే చెప్తుంటి అక్కా, అంది, వినగానే గుండె తేలికపడింది, చాయ్ సగం తాగేసరికి అదే మాట బరువెక్కింది, ఉమ నన్ను ఓదార్చడం లేదు, ఉన్నది ఉన్నట్టు చెబుతోంది, రేపు వాలేది నా తలైతే నా పేరూ ఎవరూ పలకరు, ఉమ కూడా.