ఇస్త్రీ చేసిన అక్షరాలు

షాపుల బోర్డులు రాసే పెయింటరు పోయిన ఏడాదికి ఆయన అక్షరాలు కంప్యూటర్లోకి ఎక్కాయి. మేనల్లుడు ఫాంటు తయారుచేసి, దానితో కొట్టిన పోస్టరొకటి తెచ్చి అత్తయ్య ముందు పరిచాడు.

ఆవిడ కళ్లజోడు సర్దుకుని చూసింది. "ఇవేంట్రా, ఫోటో కోసం ఊపిరి బిగబట్టి కూర్చున్నట్టున్నాయి?"

"నాకూ అదే అనిపిస్తోంది అత్తయ్యా. మావయ్య బోర్డులు సందు చివర్నించే కేకేసి పిలిచేవి. ఇవేమో గొంతు సవరించుకుంటున్నాయి."

తప్పెక్కడ జరిగిందో ఆవిడకి తెలుసు.

ఆయన రాత మొరటు. కుంచె అరిగిపోయినా పారేసేవాడు కాదు. చీలిన వెంట్రుకలు అక్షరం చివర వదిలే గీతల్లోనే ఊపిరుందనేవాడు. తలకట్లు గాలికి లేచిన టోపీల్లా ఉండేవి. సైకిల్ రిపేరు షాపులూ సర్కస్ వాళ్లూ అవే కావాలని వెంటపడేవారు. డాక్టరు బోర్డుకి మాత్రం ఆయనే వద్దనేవాడు, "నా రాత చూస్తే పేషెంటుకి బీపీ పెరుగుతుంది" అని. చిన్న సైజులో రాయమంటే అసలే ఒప్పుకునేవాడు కాదు. "మొరటువాణ్ణి గుసగుసలాడమంటే ఎలాగండీ?"

మేనల్లుడు వచ్చి అక్షరాలన్నీ కాగితం మీద రాసిమ్మన్న రోజున, ఆయనకి ఇస్త్రీ చొక్కా తొడిగించింది ఆవిడే. కొత్త కుంచె కొనిపించిందీ ఆవిడే. పక్కనే కూర్చుని, "నలుగురూ చూసేవి. ఒక్కసారైనా కుదురుగా రాసి చావండి" అంది.

కాపురం మొత్తమ్మీద ఆయన ఆవిడ మాట విన్నది అదొక్కసారే.

"మామూలుగా రాసినవి ఇంట్లో ఏమైనా ఉన్నాయా? బయట బోర్డులన్నీ ఫ్లెక్సీలైపోయాయి" అన్నాడు మేనల్లుడు.

ఉండేవి. మిగిలిన పెయింటుతో వంటింటి డబ్బాలన్నిటి మీదా రాసిపెట్టాడాయన. ఉప్పు, పప్పు, పంచదార. వంటిల్లా, సంతా అని విసుక్కుంటూ ఆవిడ టర్పెంటైన్ పెట్టి ఒక్కొక్కటే తుడిచేసింది. పంచదార ఓ పట్టాన వదల్లేదు. వదిలాక, గెలిచినట్టే అనిపించింది.

మిగిలింది ఒక్కటే. డాక్టరు వద్దన్నా ఆయన అటక అంచున దాచుకున్న బిస్కెట్ల డబ్బా. దాని మీద ఎర్రగా, "ముట్టుకోవద్దు". అది తనకోసమే రాశాడని ఆవిడకి రోషమొచ్చి, నిజంగానే ముట్టుకోలేదు. తుడవనూ లేదు.

ఆవిడ అటక వైపు చూపిస్తే, మేనల్లుడు స్టూలెక్కి చూసి ఈల వేశాడు. "ఇదీ మావయ్య చెయ్యంటే!" అంతలోనే గొంతు తగ్గింది. "అయిదక్షరాలేగా అత్తయ్యా. ఫాంటుకి చాలవు."

"తెలుసు."

"పోనీ, తీసుకెళ్లి స్కాన్ చేసుకుని రేపు తెచ్చిచ్చేస్తా" అని చెయ్యి చాచాడు.

"అక్కణ్ణించే ఫోటో తీసుకో. దాని మీద ఏం రాసుందో చూశావుగా" అందావిడ.

వాడు ఫోటోలు తీస్తున్నంతసేపూ ఆవిడ కింద కూర్చుని పోస్టరు మడతపెట్టింది, చొక్కా మడతపెట్టినంత శ్రద్ధగా.